ఏడు జాయింట్లు

నాకు ముక్కు మీద కోపం. ఇది నా గురించి నేను చెప్పుకునే గొప్ప కాదు, మా హాస్టల్లో ఉండి వెళ్లిన ఆడపిల్లలంతా నా వెనక అనుకునే మాట. కోపం వస్తే నోరు పారేసుకోవడం, తర్వాత నాలుక కరుచుకోవడం, ఆ తర్వాత ఏమీ జరగనట్టు అల్లం టీ పెట్టి చేతికివ్వడం నా పద్ధతి. ఆ టీతోనే చాలామంది నన్ను మన్నించేశారు. ఒక్క మనిషికి మాత్రం ఆ టీ కూడా దక్కలేదు. ఆయనొక పైపుల మేస్త్రి. చేయని తప్పును ఆయన నెత్తిన రుద్ది, మా గల్లీలో ఆయన పేరు పాడు చేసింది నేను. అది ఆయన తప్పు కాదని నా కళ్లతో చూసిన రోజు కూడా నోరు విప్పలేదు. ఎవరినైనా ఇట్టే కడిగేసే నోరు ఆ రోజు మూసుకుపోయింది.

మాది అశోక్‌నగర్. కింద నేనుంటాను, పైన రెండంతస్తుల్లో హాస్టల్. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు. పొద్దున్నే సంచీలో ఒక నీళ్ల సీసా, ఒక పుస్తకం వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి కుర్చీ పట్టుకోవాలి, ఆలస్యమైతే కుర్చీ దొరకదు. అందుకని ఎవరిని చూసినా పరుగే. ఇంతమందికి స్నానాలు, బట్టలు, వంట, తాగడానికి నీళ్లు. నల్లా దినం తప్పించి దినం పొద్దున ఒక గంట వస్తుంది. ఆ గంటలో సంపు నిండకపోతే ఇల్లంతా పరేషాన్. వీధిలోంచి సంపు దాకా ఉన్న పాత ఇనుప పైపు తుప్పు పట్టి, నీళ్లు టీ రంగులో రావడం మొదలైంది. ఇక లాభం లేదని పైపు మార్పించాలనుకున్నాను.

చిక్కడపల్లిలో పైపులమ్మే దుకాణం వాళ్లు ఈ మేస్త్రిని చెప్పారు. “జర లేట్ చేస్తడమ్మా, గని మల్ల పిలిచే పని పడదు,” అన్నారు. నేను రెండో సగం మాత్రమే విన్నాను. మొదటి సగం ఏంటో ఆయన పనిలోకి దిగాక తెలిసింది.

పాలమూరు వైపు మనిషి. భవనాల పనికి పట్నం వచ్చి, కాంక్రీటు మోసి, తర్వాత పైపుల పని నేర్చుకున్నాడట. బక్క పలచని మనిషి, జేబులో పెన్సిలు, భుజం మీద రెండు గుడ్డలు. ఒకటి మొహం తుడుచుకోవడానికి, రెండోది పైపు తుడవడానికి. మొహం గుడ్డ పైపుకు తగలనిచ్చేవాడు కాదు. “చెమట అంటితె అతుకు పట్టదక్క,” అన్నాడు. అబ్బో, ఏం మడి అనుకున్నాను.

మొదటి రోజంతా గుంత తవ్వడంతోనే సరిపోయింది. గేటు నుంచి సంపు దాకా, మోకాలు దాటిన లోతు. తవ్వాక అడుగున ఉన్న రాళ్లన్నీ ఒక్కొక్కటే ఏరి అవతల పారేశాడు. ఇసుక పరిచాడు. తర్వాత ఒక జల్లెడ తెచ్చి, తవ్విన మట్టిని జల్లిస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అయిపోతోంది, ఈ మనిషి మట్టి జల్లిస్తున్నాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏంది మేస్త్రి, పైపులేస్తున్నవా, సకినాల పిండి జల్లిస్తున్నవా?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “పైపు పండుకునే జాగ అక్క. మన పక్కల రాయి ఉంటె మనకు నిద్ర పడ్తదా? కిందికి గింత ఇసుక, మీదికి గీ మెత్తటి మన్ను. గది కప్పినంకనే తక్కిన మన్ను. రాయి తగిలిన కాడ్నె పైపు పలుగుతది.”

మా గేటు పక్కనే డ్రైనేజీ పైపు అడ్డంగా పోతుంది. మేం దాన్ని మోరీ అంటాం. పాత చీనీ మట్టి పైపు, అతుకుల దగ్గర ఎప్పటినుంచో తడిగా ఉండేది. నీళ్ల పైపు దాన్ని దాటి రావాలి. ఆ చోట ఆయన పూట సగం కొలతలే వేశాడు. మోరీ కింద, నీళ్ల పైపు మీద, రెంటికీ నడుమ మూరెడు మన్ను ఉండాలన్నాడు. దాటే చోట అతుకు అసలే రాకూడదని, ఉన్న ముక్కల్లోంచి నిండు పొడుగు పైపు ఏరి అక్కడ పడుకోబెట్టాడు. దానిమీద మూతలా కప్పడానికి ఒక పెద్ద పైపును నిలువునా చీల్చి గోడకు ఆనించి పెట్టుకున్నాడు. నీళ్లు చూశాకే అది కప్పుతానన్నాడు.

జాయింట్లు పెట్టేటప్పుడు చూడాలి ఆయన్ని. పైపు వంకర లేకుండా నిట్టనిలువుగా కోసి, కోసిన అంచుకు ఉన్న పొట్టును చాకుతో గీకేవాడు. అతికించక ముందే ఒకసారి పొడిగా దూర్చి, ఎంతవరకు పోతుందో పెన్సిలుతో గీత గీసుకునేవాడు. తీసి, తుడిచి, రెండు వైపులా అతికించే సొల్యూషన్ పలచగా రాసి, గీత దాకా నెట్టి, కాస్త తిప్పి, ఇక కదలకుండా పట్టుకునేవాడు. అట్లా పట్టుకున్నంతసేపూ పక్కన బాంబు పేలినా పలికేవాడు కాదు.

అదే నాకు నచ్చలేదు. చివరి జాయింటు సంపు దగ్గరిది. ఆయన అక్కడ బోర్లా పడుకుని గుంతలోకి చేతులు చాచి పైపు పట్టుకున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి పిలిచాను.

“మేస్త్రి, టీ తాగుతవా?”

పలకలేదు. మళ్లీ అడిగాను. పలకలేదు. మూడోసారి గల్లీ అంతా వినబడేటట్టు అరిచాను. “చెవుడా ఏంది? మనిషి పిలుస్తుంటె జవాబియ్యవేంది?”

అప్పుడు ఒక్క క్షణం తల వెనక్కి తిప్పి నావైపు చూసి, మళ్లీ పైపు వైపు తిరిగిపోయాడు. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న పిల్ల ఒకతి కిసుక్కున నవ్వింది. “ఆంటీ, కాక లెక్కబెడుతుండు. ముప్పై అయ్యేదాంక మాట్లాడడంట,” అంది. ఎవరి మీద చూపాలో తెలియని కోపంతో కిటికీ రెక్క వేసేసుకున్నాను. ఆ టీ నేనే తాగాను.

ఆ పిల్లది కూడా పాలమూరు వైపే. వచ్చిన పూటే ఇద్దరూ యాస పట్టుకుని ఊళ్లు చెప్పుకున్నారు. ఆయనకు ఆమె బిడ్డ అయింది, ఆమెకు ఆయన కాక అయ్యాడు. ఆమెకు అది మూడో ప్రయత్నం. మొదటిసారి ఒక్క మార్కుతో పోయిందట, ఆ ఒక్క మార్కు గురించి అన్నం తింటూ కూడా చెప్పేది. మూడు నెలల్లో పరీక్ష. లైబ్రరీలో కుర్చీ దొరకని రోజున మా మెట్ల మీదే కూర్చునేది.

ఆయన ఆమెను పాత కాగితాలు అడిగాడు. రాసి పడేసిన మాదిరి పరీక్షల కాగితాలు ఒక కట్ట తెచ్చిచ్చింది. వాటిని పొడుగు పేలికలుగా చింపి, ప్రహరీ గోడ మీద రాయి బరువు పెట్టి ఉంచాడు. ఎందుకని నేనే అడిగాను.

“జాయింటుకొక పేలిక చుడ్తనక్క. ఎల్లుండి పొద్దుగాల నల్లా వస్తది కద. వచ్చినంక గంట సేపు చూస్త. ఒక్క చుక్క కారినా కాగితం చెప్తది. చేత్తోని తడిమితె చెమటేదో నీళ్లేవో తెల్వది.”

మొత్తం ఏడు జాయింట్లు. ఏడు పేలికలు. నాకు అప్పుడది పిచ్చి చాదస్తం అనిపించింది.

మర్నాడు ఆదివారం. వారం కిందటే ఏదో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. నోటిఫికేషన్ వచ్చిందంటే అశోక్‌నగర్‌కు జాతర. తండ్రులు బిడ్డల్ని వెంటబెట్టుకుని, నెత్తిన పరుపుచుట్టలు పెట్టుకుని, గల్లీ గల్లీ తిరుగుతారు. ఎదురింట్లో కూడా హాస్టలే. దాన్ని నడిపే ఆమె గేటు దగ్గర నిలబడి “రాండ్రి రాండ్రి” అని పిలుస్తోంది. మా గేటు ముందు చూస్తే నోరు తెరుచుకున్న గుంత, దానిమీద ఒక చెక్క. వచ్చినవాళ్లు ఆ చెక్కను చూడటం, ఎదురింటికి నడవడం. పదకొండు గంటలప్పుడు ఒక పెద్దాయన ధైర్యం చేసి చెక్క మీద అడుగేశాడు, కాలు జారింది, ట్రంకు పెట్టె గుంతలో పడింది. పైపుకు తగల్లేదు గానీ, ఆయన పెట్టె తీసుకుని బిడ్డతో ఎదురింటికి పోయాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

“మేస్త్రి, ఇగ చాలు. ఇయ్యాల్నె కప్పు.”

“రేపు పొద్దుగాల నీళ్లొస్తయక్క. ఒక్క పూట ఆగున్రి. జాయింట్లు కూడ జర గట్టివడాలె.”

“నీళ్లు ఎట్లైనా వస్తయి. నువ్వు చూస్తేనే వస్తయా?”

“వచ్చుడు వేరక్క. కారుడు వేరు. నీళ్లు చూడకుండ నేను మన్ను కప్ప.”

“నా ఇల్లు, నా గుంత. నీ ఇష్టమా?”

ఆయన మాట పెంచలేదు. పనిముట్లు సంచీలో సర్దుకుని, గాంధీనగర్‌లో ఒకరింట్లో చిన్న పని ఉంది, రేపు నీళ్లు రాకముందే వస్తానని చెప్పి వెళ్లాడు. ఆ నెమ్మదే నన్ను ఇంకా రెచ్చగొట్టింది. నాతో పోట్లాడితే పోట్లాడి ఊరుకునేదాన్నేమో, ఏమో.

ఆయన మలుపు తిరిగాడో లేదో, నేను నారాయణగూడ చౌరస్తాలో కూలీల అడ్డాకు మనిషిని పంపి ఇద్దరిని పిలిపించాను. ఇక ఇక్కడి నుంచి నేను చేసిందంతా నా చేతులతో చేసిందే, ఎవరి మీదకీ నెట్టడానికి లేదు. ఆయన జల్లించిన మెత్తటి మట్టి కుప్ప గోడ పక్కన ఉంది. అంత చక్కటి మట్టి గుంతలో పోయడమేమిటని, డాబా మీద చామంతి కుండీల్లోకి ఎత్తించాను. మరి గుంతలోకి? అంతకు నెల ముందు పై అంతస్తు బాత్రూములు పగలగొట్టించాను. ఆ మలబా మూలన కుప్పగా పడి ఉంది, తీసుకెళ్లడానికి ట్రాక్టరు వాడు ఇవాళ రేపు అంటున్నాడు. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, టైల్స్ పలకల ముక్కలు. దాన్నే కింద పోసి, పైన మట్టి కప్పేయమన్నాను. ఇద్దరు కూలీల్లో ఒకాయన ఆగాడు. “కింద పైపున్నదమ్మా,” అన్నాడు. “ఉంటే ఏమైతది, పొయ్యి,” అన్నాను. పోశాడు, పైకెక్కి తొక్కాడు కూడా. సాయంత్రానికి గేటు ముందు నేల చదునుగా ఉంది, ఇద్దరు కొత్త పిల్లలు చేరారు. నేను హాయిగా ఊపిరి తీసుకున్నాను.

పొద్దున ఆయన వచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు నేలకేసి చూశాడు. ఆ తర్వాత గోడకానించి ఉన్న చీల్చిన పైపును చూశాడు.

“అక్క, ఏం పోసి కప్పిన్రు?”

“మన్నే. ఇంకేం పోస్తరు?”

అంతలోనే నల్లా వచ్చింది. సంపులోకి ధారగా తెల్లటి నీళ్లు పడుతున్నాయి. “చూసినవా? నీళ్లు రాలేదా? ఏమైనా అయిందా?” అన్నాను గెలిచినట్టు. ఆయన సంపులోకి చూడనే లేదు. జర మీది మన్ను తీసి ఒక్కసారి చూసుకుంటా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గోడ మీది కాగితం పేలికలు ఏడింటినీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. ఎండాకాలం. నల్లా చాలక ట్యాంకర్లు తెప్పించుకునే రోజులు. ఆ బరువు బండి వచ్చినప్పుడల్లా వెనక చక్రాలు మా గేటులోకి, సరిగ్గా ఆ గుంత మీదికి ఎక్కేవి. నేనే దగ్గరుండి “రా, రా, ఇంకా రా” అని వెనక్కి రానిచ్చేదాన్ని.

మొదట ఇద్దరు ముగ్గురికి కడుపులు చెడ్డాయి. బయట తిన్న బజ్జీలని తిట్టాను. తర్వాత ఆ పాలమూరు పిల్ల అన్నం ముట్టడం మానేసింది. వాసన పడటం లేదంది. చదువు భయం అనుకున్నాను. ఒకరోజు మెట్ల మీద ఎండలో కూర్చుంటే కళ్లు చూశాను. పసుపు పచ్చగా ఉన్నాయి. నారాయణగూడలో డాక్టరు దగ్గరికి తీసుకెళితే పచ్చకామెర్లు అన్నాడు. “ఎక్కడి నీళ్లు తాగుతున్నరు?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నాకు మా సంపు గుర్తొచ్చింది.

పరీక్ష ఇంకా పదకొండు రోజులు. ఆ పిల్ల మంచం మీద పడుకునే పుస్తకం పట్టుకునేది, పట్టుకున్న చేయి వాలిపోయేది. తండ్రి వచ్చాడు. విషయం తెలిసి ఇంకో నలుగురి తల్లిదండ్రులు వచ్చారు. ఎదురింటామె, పక్కింటివాళ్లు, గల్లీ అంతా మా వాకిట్లో. నీళ్లకేమైంది, నీళ్లకేమైంది అని అందరూ నన్నే అడుగుతున్నారు. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి ముందు అదే ఊడిపడింది.

“గా మేస్త్రి పైపు సక్కగ వెయ్యలే. జాయింటు యాడ్నో లీకున్నది. నేనేం చేస్త?”

ఎట్లా తెలిసిందో, ఆ సాయంత్రానికే ఆయన వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. మొదట ఆ పిల్ల ఎట్లా ఉందని అడిగాడు. తర్వాత అన్నాడు, “అక్క, జర తవ్వనియ్యిన్రి. పైసలొద్దు, ఏమొద్దు. నా జాయింటు కారితె అందరి ముంగట ఒప్పుకుంట. కారకుంటె గదన్న తెలుస్తది.”

అడిగింది అంతే. గుంత తెరిచి చూడనివ్వమని. నేనేం చేశానో తెలుసా? అందరి ముందూ ఆయన్ని కడిగిపారేశాను. పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది చాలదా అన్నాను. చేతకాని పనికి ఎందుకొచ్చావన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు. ఆయన మొహం నల్లబడిపోయింది. మేడ మీద కిటికీలోంచి ఆ పిల్ల సన్నటి గొంతుతో, “కాక గట్ల చేసేటాయన కాదు ఆంటీ,” అంది. “నీకేం తెల్సు, పండుకో,” అని కసిరాను. ఆయన తలెత్తి ఆ కిటికీ వైపు చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా గల్లీలో ఆయన్ని ఎవరూ పిలవలేదు. దుకాణం వాళ్లు కూడా ఆయన పేరు చెప్పడం మానేశారని విన్నాను.

మూడో రోజు రాంనగర్ నుంచి వేరే మేస్త్రిని పిలిపించాను. ఎక్కడ కారుతోందో తెలియదు కాబట్టి గేటు నుంచి సంపు దాకా మొత్తం సాయంత్రానికి తవ్వించాడు. మర్నాడు పొద్దున నల్లా వచ్చింది. ఆయన ఒక్కో జాయింటు దగ్గర కూర్చుని పొడిగుడ్డతో తుడిచి, ఆగి, మళ్లీ గుడ్డ అద్ది చూశాడు. ఏడూ పొడిగా ఉన్నాయి. “జాయింట్లు పెట్టినాయన ఎవరో గని పనిమంతుడమ్మా,” అన్నాడు. అప్పుడు గేటు దగ్గర, మోరీ దాటే చోట, ఆ నిండు పొడుగు పైపు నడుమ సన్నటి చీలికలోంచి నీళ్లు చిమ్ముతూ కనబడ్డాయి. ఆ చీలికలో సూదిగా దిగి ఉన్న ఒక ముక్కను ఆయన లాగి పైకి తీశాడు. లేత ఆకుపచ్చ పలక, మూలన తెల్ల పువ్వు. నా బాత్రూము పలక. నేనే దుకాణాలన్నీ తిరిగి, బేరమాడి, ఏరి తెచ్చుకున్న పలక.

“ఎవరో మలబా పోసి కప్పిన్రు. దానిమీద బండెక్కింది. నల్లా బందైనంక ఖాళీ పైపు గీ సందులకెల్లి మోరీ నీళ్లు గుంజుకుంటది. గదే సంపుల పడ్డది,” అన్నాడు.

వాకిట్లో అప్పుడు నేనూ ఆ మేస్త్రీ తప్ప ఎవరూ లేరు. పలకను చేతికి తీసుకుని కొంగు చాటున పెట్టాను. లోపల ఆ పిల్ల తండ్రి బట్టలు సర్దుతున్నాడు, బిడ్డను ఊరికి తీసుకుపోతున్నాడు. పరీక్షకు ఇంకా వారం ఉంది గానీ ఆమె లేచి నిలబడలేదు. నేను లోపలికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. ఆయన తల ఎత్తి, “ఏమైందంటమ్మా పైపుకు?” అని అడిగాడు.

“జాయింటు ఊడిందట,” అన్నాను.

ఆయన తలూపి సంచీ మూతి బిగించాడు. పలకను బీరువా అడుగున బట్టల కింద పెట్టాను. పైపు బాగు చేయించి, ఈసారి చామంతి కుండీలు గుమ్మరించి ఆ మట్టే పోయించాను. ఆ మట్టి పైపు చుట్టూ ఎంత మెత్తగా కూర్చుందో చూస్తే ఏడుపొచ్చింది. అయినా నోరు విప్పలేదు. హాస్టల్ ఖాళీ అవుతుందని భయం. నలుగురిలో తల కొట్టేసినట్టవుతుందని భయం. రేపు చెబుదాం, వాళ్లు కాస్త చల్లబడ్డాక చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. ఆ పిల్ల మళ్లీ అశోక్‌నగర్ రాలేదు. అప్పుడు వాకిట్లో నిలబడ్డవాళ్లలో ఇవాళ గల్లీలో ఎవరూ లేరు. పిల్లలు ఏటా మారిపోతారు, ఎదురిల్లు కూల్చి అపార్ట్‌మెంటు కట్టారు. ఇప్పుడు చెప్పినా ఎవరికి చెప్పాలి?

మొన్న చలికాలంలో బర్కత్‌పురలో మా చెల్లెలి అపార్ట్‌మెంటుకు వెళ్లాను. తిరిగి వస్తూ ఆటో కోసం గేటు దగ్గర నిలబడ్డాను. సంపు పక్కన ఎవరో ప్లంబరు పైపు అతికిస్తున్నాడు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ప్లంబరు పైపు నెట్టి వెంటనే చేయి తీసేశాడు.

“ఇడ్సకు, ఇడ్సకు. జర పట్టుకో, ముప్పై దాంక,” అన్నాడు వాచ్‌మన్.

ఆ గొంతు విని ఇటు తిరిగి చూశాను. ఆయనే, మా పైపుల మేస్త్రి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మొహం తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు. “మంచిగున్నరా అక్క?” అన్నాడు. తర్వాత, “గా బిడ్డ ఎట్లున్నది?” అని అడిగాడు. ఊరికి వెళ్లాక జబ్బు తగ్గిందట, అంతకుమించి నాకేం తెలియదన్నాను. పైపుల పని ఎందుకు మానేశావని అడిగాను.

“మీ గల్లీల పిలువకుంటె వేరే కాడ పిలిచిన్రు అక్క. నాకే ధైర్యం చాల్లే. సొల్యూషన్ డబ్బా పట్టుకుంటె గా బిడ్డ కండ్లే యాదికొస్తయి. నా బతుకుల నీళ్లు చూడకుండ ఇడ్సిపెట్టింది గదొక్కటే. యాడ తప్పు చేసిన్నో, ఎంత సోంచాయించినా తెల్వలే. తెల్వనోడు ఇంకొకరింట్ల ఎట్ల పెడ్తడు?”

ఊరు నన్ను నమ్మింది సరే, ఆయన కూడా నన్నే నమ్మాడు. తన చేతుల్ని కాదని నా మాట నమ్మాడు. అక్కడే, ఆ ప్లంబరు వింటుండగానే, అంతా చెప్పేశాను. కుండీల్లో పోయించిన మట్టి, మలబా, ట్యాంకరు, ఆకుపచ్చ పలక, బీరువా, ఆ పిల్ల తండ్రితో ఆడిన అబద్ధం. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండని కూడా అనిపించింది. ఆయన తిట్టలేదు.

“మీటరు కాడిది ఎట్లుండె?” అన్నాడు.

“పొడిగనే ఉండె అన్నా.”

“గేటు మలుపుది?”

“అది కూడ.”

“మోరీ దాటినంక ఒకటుండె. గది?”

“పొడిగనే.”

మెట్ల మూలది అడిగాడు. బట్టలుతికే బండ దగ్గరిది అడిగాడు. గోడ వారది అడిగాడు. అన్నేళ్లయినా ఒక్కటి మర్చిపోలేదు. ఒక్కోదానికి వేలు మడుస్తున్నాడు. ఆరు వేళ్లు మడిచి ఆగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“సంపు కాడిది అక్క? గది పట్టుకున్నప్పుడు మీరు పిలిచిన్రు. నేను ఒక్కసారి ఎనకకు తిరిగిన. చెయ్యి కదిలిందేమోనని...”

“కదల్లేదన్నా. అది కూడ పొడిగనే ఉండె. నేను చూసిన.”

ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ, “గీ ఒక్క మాట గప్పుడే చెప్తె అయిపోతుండె కద అక్క,” అన్నాడు.